తేదీలు గుర్తులేని పెద్దల నుంచి కుటుంబ చరిత్ర సేకరించడం ఎలా?

రేపల్లె, అవనిగడ్డ వంటి చిన్న ఊళ్లలో పెరిగిన పెద్దలను “అది ఏ సంవత్సరంలో జరిగింది?” అని అడిగితే తరచుగా సమాధానం రాదు. “ఉప్పెనకు ముందా, తర్వాతా?” అని అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన అక్కడి పుట్టుకలకూ, పెళ్లిళ్లకూ, గృహప్రవేశాలకూ కొండగుర్తుగా నిలిచింది. కాబట్టి పెద్దల దగ్గర కూర్చునే ముందే ఇటువంటి గుర్తులను ఒక కాగితం మీద రాసుకోవాలి: అణాలు పోయి నయాపైసలు వచ్చిన 1957, కృష్ణా పుష్కరాలు జరిగిన 1980, 1992, కరణం, మునసబు పదవులు రద్దయిన 1984.

తెలుగు సంవత్సరాల పేర్లు ఇంకా నమ్మదగినవి, అయితే రెండు జాగ్రత్తలు అవసరం. ఆ పేరు ఉగాదితో మారుతుంది గనుక, “పార్థివ నామ సంవత్సరం, పుష్య మాసంలో పుట్టాను” అని అమ్మమ్మ చెబితే దానిని 1945గా కాక 1946 జనవరిగా లెక్కించాలి. పైగా అవే పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. ముత్తాతల విషయంలో ఒక చుట్టు తప్పితే ఒక తరమే తారుమారవుతుంది. బడి రికార్డులోని పుట్టినరోజు జూలై 1 అయితే దానిని అనుమానించడమే మేలు, అది చాలాసార్లు మాస్టారు వేసిన తేదీ.

మాటల తర్వాత అటక మీదికి వెళ్లాలి. పాత ఇత్తడి బిందెల అంచుల మీద, స్టీలు గిన్నెల మీద ఇచ్చినవారి పేరు, పెళ్లి తేదీ కొట్టించే అలవాటు ఉండేది. చింతపండుతో తోమి, ఏటవాలు వెలుతురులో పట్టి చూస్తే అరిగిన అక్షరాలు కూడా తేలుతాయి. పాత శుభలేఖలో తిథి, వారం రెండూ ఉంటాయి కనుక తేదీని పంచాంగంతో సరిచూడవచ్చు. ఇంటి దస్తావేజులో అందరూ వదిలేసే హద్దుల భాగమే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది: తూర్పున ఎవరి పెరడు, పడమట ఏ కాలువ అన్న ఆ నాలుగు పంక్తుల్లో, ఇప్పుడు ఆనవాలు లేని వీధి మొత్తం కనబడుతుంది.

మాటలను ఫోనులో రికార్డు చేసేటప్పుడు టీవీ, వీలైతే ఫ్యాను కూడా ఆపాలి. ఇద్దరు అక్కచెల్లెళ్లను కలిపి కూర్చోబెడితే ఒకరు మరచినది మరొకరు అందిస్తారు. వాదులాడుకున్నా అడ్డుపడక, రెండు కథనాలనూ ఎవరి మాట ఎవరిదో తెలిసేలా రాసుకోవాలి.

మన వంశవృక్షాల్లో ఆడపిల్లల పేర్లు చాలావరకు ఉండవు, ఉన్నా అక్కడితో కొమ్మ ఆగిపోతుంది. అందువల్ల మేనత్తల ఇళ్లకు తప్పక వెళ్లాలి. పుట్టింటి ఫోటోలు, ఉత్తరాలు అక్కడి ట్రంకుపెట్టెల్లోనే భద్రంగా దొరికే అవకాశం ఎక్కువ.