బరంపురం నుంచి చావు కబురు: ఏ మాట ఎక్కడ వాడాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం తెలుగు ఇళ్ళలో ఎవరైనా పోతే కబురు రెండు వైపులా వెళ్ళాలి. పక్కింటి ఒడియావాళ్ళకు, ఇచ్ఛాపురం, పాతపట్నం మొదలు హైదరాబాదు దాకా ఉన్న మన చుట్టాలకు. ఒకే మాట అందరికీ ఒకేలా వినపడదు.

మొదటి ఫోనులో "చనిపోయారు" అనే చెప్పండి. ఆ మాటలో అమర్యాద ఏమీ లేదు. "నాన్నగారు లేరండి" అంటే ఇంట్లో లేరేమో అనుకుంటారు. "పోనారు" అంటే మన వైపు ఊరెళ్ళారనీ అర్థమే. ఒడియా బడిలో చదివిన పిల్లలు "చాలిగలే" అన్నదాన్నే తెలుగు చేసి "వెళ్ళిపోయారు" అంటారు. ఒడియాలో అది చావుకు చక్కగా అమరిన మాట. చెవి సరిగా వినపడని పెద్దమ్మ మాత్రం "ఎక్కడికిరా?" అంటుంది. అప్పుడు మళ్ళీ చెప్పాలి, రెండోసారి చెప్పడం ఇంకా కష్టం.

వరసలతోనూ జాగ్రత్త. మన ఇళ్ళలో కొందరు తండ్రిని "బాబు" అంటారు. "బాబు చనిపోయాడు" అని హైదరాబాదుకు మెసేజ్ పెడితే పసివాడు పోయాడనుకుని గుండెలు బాదుకుంటారు. వినేవాళ్ళ వరసతో చెప్పండి: "అత్తా, మీ పెద్దన్నయ్య చనిపోయారు."

మెసేజ్‌లో పేరు, ఇంటిపేరు, వారం, తేదీ, గంట, ఊరు, అంతిమయాత్ర వేళ ఉండాలి. "సోమవారం రాత్రి 1.30" అని రాయకండి. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా సోమవారమే, మరణ ధ్రువపత్రంలో మాత్రం అర్ధరాత్రి దాటితే మంగళవారం. "మంగళవారం తెల్లవారుజామున 1.30" అని తేదీతో రాస్తే, రేపు ఆబ్దికానికి తిథి చూసే పురోహితుడికీ, 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించేవాళ్ళకీ పేచీ రాదు.

అలంకారపు మాటలు కార్యం కార్డుకు ఉంచుకోండి. "పరమపదించారు" వైష్ణవుల మాట, ఇప్పుడు అందరూ వాడుతున్నారు. "శివైక్యం" శైవులకే నప్పుతుంది. క్రైస్తవ కుటుంబమైతే "ప్రభువునందు నిద్రించారు". "కాలం చేశారు" పెద్దవాళ్ళకు బాగుంటుంది, పాతికేళ్ళ కుర్రాడికి అతకదు. ఏది రాయాలో తోచకపోతే ఆ ఇంటివాళ్ళనే అడగండి.

ఆసుపత్రి నుంచి తెచ్చేటప్పుడు "బాడీ ఎప్పుడొస్తుంది?" అని ఆ ఇంటివాళ్ళు వినేలా అనకండి. "నాన్నగారిని ఎన్నింటికి తెస్తున్నారు?" అంటే సరిపోతుంది. "శవం", "మృతుడు" పోలీసు కాగితాల మాటలు.

తన ప్రాణం తానే తీసుకున్న మనిషి గురించైతే "చనిపోయారు" దగ్గరే ఆగండి. "ఆత్మహత్య చేసుకున్నాడు" అనడంలో "హత్య" ఉంది, నేరం మోపినట్టు తగులుతుంది. ఎలా, ఎందుకు అన్న వివరాలు మెసేజ్‌లో వద్దే వద్దు. ఆ ఇంట్లో ఎవరైనా బాగా కుంగిపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి.

పరామర్శకు వెళ్ళినప్పుడు "వయసైపోయిందిలే" అనకండి, ఎనభై ఏళ్ళ తల్లి అయినా తల్లే. మామూలు రోజుల్లో గుమ్మం దాటేటప్పుడు "వెళ్ళొస్తాం" అంటాం, పక్కింటి ఒడియావాళ్ళూ "ఆసుచి" అనే అంటారు, వస్తున్నానని. చావు జరిగిన ఇంట్లో ఆ మాట అనరు. చేయి పట్టుకుని, ఒక్క క్షణం నిలబడి, చెప్పకుండానే లేచి రావాలి.