ఇటలీ చేదుతో కాఫీ సోడా – 4వ పాఠం: పొంగకుండా పోయడం

పోయిన పాఠం చూసి చేసినవాళ్లలో చాలామందికి గ్లాసు పొంగింది. నురగ అంచు దాటి వంటగట్టు మీదికి, అక్కణ్నుంచి కిందికి. తాగేలోపే సగం పోయిందని కొందరు, మిగిలిన సగంలో గ్యాసే లేదని ఇంకొందరు. అందుకని ఈసారి చెప్తానన్న నారింజ తొక్క సంగతి వాయిదా. ముందు ఈ పొంగు సంగతి తేలాలి.

కొలతలు అవే. ఆవెర్నా 30 మి.లీ., కాంపారీ 15, కాఫీ 45, సోడా 90. మొదటి రెండూ ఇటలీ చేదు లిక్యూర్లు, అంటే మూలికల చేదూ చక్కెర తీపీ ఉన్న మద్యాలు. గ్లాసు పొడుగ్గా, 350 మి.లీ. పట్టేలా ఉండాలి. తేడా వచ్చింది పోసే వరసలో. రెండో పాఠంలో ఆపెరోల్ స్ప్రిట్జ్ (ఆపెరోల్ అనే లిక్యూర్‌లో మెరిసే వైన్, సోడా కలిపేది) చేసినప్పుడు సోడా చివర పోశాం కదా, అదే అలవాటుతో ఇక్కడా కాఫీ, లిక్యూర్లు ముందు పోసేసి, వాటి మీద ఎత్తునుంచి సోడా ఒంపారు. స్ప్రిట్జ్‌లో కాఫీ లేదు కాబట్టి అక్కడ చెల్లింది.

పైనుంచి పడిన దెబ్బకు సోడాలోని గ్యాసు ఒక్కసారిగా విడిపోతుంది. ఉత్త నీళ్లలో అయితే ఆ బుడగలు పైకి వచ్చి పగిలిపోతాయి. కాఫీలో ఉండే ప్రొటీన్లు, గింజ వేగినప్పుడు పుట్టే గోధుమరంగు పదార్థాలు బుడగ చుట్టూ పొరకట్టి దాన్ని అంత తొందరగా పగలనివ్వవు. దానికి తోడు కాఫీలో మిగిలిన సన్నటి పొడి నలక, కొత్త బుడగలు పుట్టడానికి చోటిస్తుంది. గ్లాసు అడుగున కాఫీ ఉంటే పుట్టిన ప్రతి బుడగా దానిలోంచే పైకి రావాలి. పొంగక ఏం చేస్తుంది?

కాబట్టి వరస తిరగేయండి. నిండా ఐసు, దాని మీద ఆవెర్నా, కాంపారీ. తర్వాత గ్లాసు వంచి పక్క వెంబడి సోడా. చెంచాతో అడుగునుంచి ఒక్కసారి పైకి లేపితే చాలు, గిరగిరా తిప్పక్కర్లేదు. ఆఖర్న కాఫీ, చెంచా వీపు మీదుగా సన్నటి ధారగా. లిక్యూర్లలో చక్కెర ఉంది కాబట్టి కింది మిశ్రమం బరువుగా ఉంటుంది, కాఫీ పైన తేలుతుంది. నురగ వేలెడు మందం వస్తే సరి.

సున్నా డిగ్రీల దగ్గర నీళ్లలో కరిగే గ్యాసు, 20 డిగ్రీల దగ్గర కరిగేదానికి దాదాపు రెట్టింపు. సోడా, కాఫీ, సీసాలు, గ్లాసు అన్నీ ఫ్రిజ్‌లోంచే రావాలి. వేడి డికాక్షన్‌ని ఐసే చల్లారుస్తుందిలే అనుకున్నవాళ్లకు ఇంకేం చెప్పను.

ఇక చికోరీ. మొదటి పాఠంలో ఒక్క ముక్క చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. మన ఇళ్లలో ఫిల్టర్ కాఫీ పొడి అంటే చాలావరకు చికోరీ కలిపినదే. మన దేశంలో నిబంధనల ప్రకారం ఆ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు, ఎంత ఉందో ప్యాకెట్ మీద వేయాలి. చిన్న అక్షరాలున్న వైపు తిప్పి చదవండి. ఇన్‌స్టంట్ కొనేవాళ్లు కూడా చదవండి, చాలా డబ్బాల్లో ఉంటుంది. పాలూ పంచదారా పడితే చికోరీ బాగుంటుంది, పొద్దున్నే నేను తాగేది కూడా అదే. ఇక్కడ పాలు లేవు. వేయించిన చికోరీ వేరుది మాడిన చక్కెర రుచి. ఆవెర్నాలో కారమెల్ రుచి ముందే ఉంది. రెండూ కలిస్తే ముదిరి మాడిన బెల్లప్పాకం తాగినట్టు ఉంటుంది, కాంపారీ చేదు ఎక్కడుందో వెతుక్కోవాలి. డికాక్షన్ నల్లగా ఉంది, స్ట్రాంగే కదా అంటారు. ఆ నలుపులో చికోరీ వాటా ఎంతో చూసుకోండి. పది శాతమేగా అని కూడా అనొద్దు. పాలు లేని గ్లాసులో పది శాతమూ తెలిసిపోతుంది.

చికోరీ కలపని అరకు అరబికా తీసుకోండి, మరీ నల్లగా వేయించనిది. 50 గ్రాముల బరక పొడిని 400 మి.లీ. నీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి వడకడితే కోల్డ్ బ్రూ. నాకు అంత ఓపిక లేదు. మొదటి డికాక్షన్ చిక్కగా దింపి, కాగితం ఫిల్టర్‌లో ఇంకోసారి వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. కాగితం నలకనీ నూనెనీ చాలావరకు ఆపేస్తుంది. ఎస్ప్రెస్సో మెషిన్ ఉందని మురిసిపోకండి, నురగ తెప్పించడంలో దాన్ని మించింది లేదు.

సిసిలీలోని కాల్తనిసెట్టాలో 1868లో పుట్టిన ఆవెర్నా అందరికీ దొరకదు. బదులు బొలోన్యా వాళ్ల మోంటెనెగ్రో పోయొచ్చు, కాస్త తేలిక, నారింజ వాసన ఎక్కువ. ఆర్టిచోక్ ఆకులు పడే చినార్ కూడా పనికొస్తుంది, ఆల్కహాల్ 16.5 శాతమే. మిలాన్ వాళ్ల ఫెర్నెట్-బ్రాంకా మాత్రం 39 శాతం, ఔషధంలా ఘాటు. దాన్ని 30 మి.లీ. పోసినవాళ్లకు కాఫీ రుచి అసలు తగిలి ఉండదు. ఒక చెంచాతో ఆపండి. ఆవెర్నాతో చేసిన మన గ్లాసులో ఆల్కహాల్ దాదాపు 7 శాతం, స్ట్రాంగ్ బీరంత. కాఫీ నిద్రని ఆపుతుందేగానీ మత్తుని దించదు. బండి తాళాలు ఇంకొకరికి ఇచ్చాకే మొదలుపెట్టండి.

ఈసారి అభ్యాసం కాస్త పెద్దదే. లిక్యూర్ వద్దు, ఐసూ వద్దు, ఉత్త కాఫీ 45, సోడా 90. కాఫీ ముందు పోసి ఒకటి, సోడా ముందు పోసి ఒకటి. ఈ జతని చల్లటివాటితో ఒకసారి, బయట ఉంచినవాటితో ఒకసారి చేయండి. ఆ నాలుగూ కాగితంలో వడకట్టిన కాఫీతో, వడకట్టనిదానితో విడివిడిగా. మొత్తం ఎనిమిది గ్లాసులు, అన్నీ ఒకే సైజువి. పోయగానే ఒకసారి, నిమిషం తర్వాత ఒకసారి నురగ ఎత్తు స్కేలుతో కొలిచి రాసుకోండి. వచ్చే పాఠానికి ఆ అంకెలు కావాలి. చికోరీ పొడితో చేసినవి లెక్కలోకి రావు.