ఇద్దరే ఉన్న రాక్ బ్యాండ్ తొలి ఆల్బమ్: బేస్ గిటార్ లేని లోటు తెలియకుండా రికార్డింగ్

గిటార్, డ్రమ్స్ మాత్రమే ఉన్న జోడీకి స్టేజి మీద అంతగా తెలియని లోటు రికార్డింగ్‌లో బయటపడుతుంది. బేస్ గిటార్ ఇచ్చే లోతైన కింది స్వరాలు ఉండవు, పాట పల్చగా వినిపిస్తుంది. మిక్సింగ్‌లో ఈక్యూ (శబ్దంలో లోతు, పదును పెంచి తగ్గించే సాధనం) పెంచి సరిచేద్దామంటే కుదరదు. లేని శబ్దాన్ని ఈక్యూ పుట్టించలేదు.

గిటార్ సిగ్నల్‌ను స్ప్లిటర్‌తో రెండు చేయండి. ఒకటి గిటార్ ఆంప్‌కి, రెండోది ఆక్టేవ్ పెడల్ (స్వరాన్ని ఒక ఆక్టేవ్ కిందికి దించే పరికరం) మీదుగా బేస్ ఆంప్‌కి. స్ప్లిటర్‌లో ఒక అవుట్‌పుట్‌కైనా ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, లేకపోతే రెండు ఆంప్‌ల ఎర్త్ కలిసి హమ్ (ఆగకుండా గుయ్యిమనే శబ్దం) వస్తుంది. ఎర్త్ పిన్ పీకేసి హమ్ ఆపాలని మాత్రం చూడకండి, ప్రాణాల మీదికొస్తుంది. అనలాగ్ ఆక్టేవ్ పెడల్ ఒక్కో నోటునే పట్టుకుంటుంది. కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని నోట్లు) వాయిస్తే తడబడి గరగరలాడుతుంది. కార్డులు ఎక్కువున్న పాటలకు ఒకేసారి పలు నోట్లను పట్టుకునే పాలీఫోనిక్ పెడల్ కావాలి. బేస్ ఆంప్ ట్రాక్‌కి 250 హెర్ట్జ్ దగ్గర లో-పాస్ (ఆ పైవి తగ్గించే ఫిల్టర్), గిటార్ ట్రాక్‌కి 100 దగ్గర హై-పాస్ (ఆ కిందివి తగ్గించేది) పెట్టి మొదలుపెట్టండి. డిజిటల్ పెడల్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది. అందుకే ఆ ట్రాక్ కాస్త ముందే మొదలయ్యేలా జరపండి, పోలారిటీ (తరంగం పైకీ కిందికీ ఊగే దిశ) తిప్పి కూడా వినండి. నిండుగా వినిపించిందే సరైనది.

డ్రమ్స్‌కి నాలుగు మైకులు చాలు: కిక్, స్నేర్, మొత్తం డ్రమ్స్‌ను పట్టే రెండు ఓవర్‌హెడ్‌లు. ఒక ఓవర్‌హెడ్ స్నేర్‌కి మీటరు ఎత్తున, రెండోది ఫ్లోర్ టామ్ పక్కన స్నేర్ వైపు తిప్పి. దారంతో కొలిచి, స్నేర్ నుంచి రెండింటి దూరమూ సమానంగా ఉంచండి. 34 సెంటీమీటర్ల తేడా అంటే ఒక మిల్లీసెకను. స్నేర్ దెబ్బలో పస పోవడానికి అది చాలు.

ఇద్దరూ కలిసే వాయించండి, ఆంప్‌లు మాత్రం పక్క గదిలో ఉండాలి. గిటార్ డ్రమ్ మైకుల్లోకి దూరితే తర్వాత తప్పు దిద్దడం కష్టం. 24-బిట్‌లో, పీక్‌లు (శబ్దం అన్నిటికన్నా గట్టిగా ఉండే చోట్లు) మీటర్‌లో మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా రికార్డు చేయండి. గిటార్‌ను నాలుగైదు పొరలు పేర్చాలనే మోజు వద్దు. ఇద్దరి బ్యాండ్‌కున్న అందమే ఆ ఖాళీ. కోరస్‌లో రెండో టేక్ ఒకటి చాలు.

12 అంగుళాల వినైల్ కూడా వేయాలనుకుంటే ఒక్కో వైపు 20 నిమిషాల్లోపు ఉంచి, గట్టి పాటల్ని ముందు పెట్టండి. ఒక్కో వైపు చివరికి వచ్చే లోపలి గాడుల్లో వక్రీకరణ ఎక్కువ, అక్కడ నెమ్మది పాటలే నిలుస్తాయి.