ఫస్ట్ క్లాస్ కోసం పాయింట్లు కదిపే ముందు

అమెరికాలో ఉన్న మన కుటుంబాలకి ఇండియా ప్రయాణం రెండు సీజన్లలో బరువు: పిల్లలకి స్కూలు సెలవులిచ్చే జూన్ నుంచి ఆగస్టు వరకు, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా. ఎకానమీ టికెట్టు ధరే గుండె గుభేలుమనిపించే ఆ రోజుల్లో, క్రెడిట్ కార్డుల మీద ఏళ్ల తరబడి పోగేసిన పాయింట్లతో అమ్మానాన్నల్ని ఫస్ట్ క్లాస్‌లో పంపిద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మంచి ఆలోచనే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అంత దూరం కాళ్లు చాపుకుని పడుకుని వెళ్లగలగడం ఎంత సుఖమో వాళ్ల మొహం చూస్తే తెలుస్తుంది. అందుకే ఈ పని చెడిపోకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

పాయింట్లు సంపాదించేటప్పుడు పెద్దగా పోయేదేమీ ఉండదు. ప్రమాదమంతా వాటిని బ్యాంకు నుంచి ఎయిర్‌లైన్‌కి పంపే ఆ ఐదు నిమిషాల్లో ఉంది. ఛేజ్, అమెక్స్, సిటీ, క్యాపిటల్ వన్, వీటిలో ఏ కార్డైనా సరే, ఒకసారి పంపిన పాయింట్లు తిరిగి బ్యాంకుకి రావు. కాబట్టి వెనక్కి తీసుకోలేని ఆ ఒక్క పనిని అన్నిటికన్నా చివర్న పెట్టుకోండి. కింద చెప్పేవన్నీ అంతకుముందు తేల్చుకోవాల్సినవే.

పేర్లతో మొదలుపెట్టండి

మనవాళ్ల పని ఎక్కువగా ఆగిపోయేది పేర్ల దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, క్రెడిట్ కార్డు మీద పొడి అక్షరాలు, ఎయిర్‌లైన్ అకౌంటులో ఆఫీసులో పిలిచే పొట్టి పేరు ఉంటాయి. ఒకచోట వెంకట సత్యనారాయణ, ఇంకోచోట వి.ఎస్. నారాయణ, మరోచోట ఉత్త సత్య. బ్యాంకులో ఉన్న పేరు, ఎయిర్‌లైన్ అకౌంటులో ఉన్న పేరు కలవకపోతే ట్రాన్స్‌ఫర్ తిరస్కరించవచ్చు, లేదా మధ్యలో ఆగిపోవచ్చు. ఈలోగా సీటు ఇంకొకరు పట్టుకుపోతారు. అకౌంటులో పేరు సరిచేయమంటే ఎయిర్‌లైన్‌వాళ్లు పాస్‌పోర్టు కాపీ లాంటివి అడుగుతారు, దానికి టైమ్ పడుతుంది. సీజన్‌కి చాలా ముందే ఆ పని ముగించుకోండి.

పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంకో చిక్కుంటుంది. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్ గడిలోనే ఉంటుంది. అలాంటివాళ్లకి అమెరికా వీసా మీద ఆ పేరు సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఎయిర్‌లైన్ వెబ్‌సైటేమో రెండు గడులూ నింపితే గానీ ముందుకి కదలదు. ఉన్న పేరునే రెండుసార్లు రాయమని ఒక ఎయిర్‌లైన్ అంటే, ఎఫ్ఎన్‌యూ రాయమని ఇంకోటి అంటుంది. మీకు తోచినట్టు నింపకండి. విమానం నడిపే ఎయిర్‌లైన్‌నే అడిగి, వాళ్ల జవాబుని చాట్‌లోనో ఈమెయిల్‌లోనో దాచుకోండి. దారిలో దుబాయ్‌లోనో అబుదాబీలోనో రెండు రోజులు ఆగాలనుకునేవాళ్లు మరీ జాగ్రత్త: ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లపై యూఏఈ 2022 నవంబరులో ఆంక్షలు పెట్టింది. పాస్‌పోర్టు రెన్యూవల్ ఎలాగూ ఉంటే, అదీ అమెరికా వీసాకి అప్లై చేయకముందే అయితే, ఇంటిపేరుని సర్‌నేమ్ గడిలో వేయించేయడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి దారి. వీసా వచ్చాక పేరు మారిస్తే రెండిట్లో పేర్లు కలవక కొత్త తలనొప్పి మొదలవుతుంది.

మీ మైల్స్‌తో, అంటే ఎయిర్‌లైన్ అకౌంటులో చేరిన పాయింట్లతో, ఎవరికి టికెట్ తీయవచ్చో కూడా చూసుకోండి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైల్స్‌తో ఎవరికైనా తీయవచ్చు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ మైల్స్ ప్రోగ్రాం క్రిస్‌ఫ్లయర్‌లో మీరు కాకుండా ముందుగా నామినీలుగా చేర్చుకున్న ఐదుగురికే వీలు. జపాన్‌వాళ్ల ఏఎన్ఏలో దగ్గరి బంధువులకి మాత్రమే. భార్యాభర్తల పాయింట్లు ఒకచోట కలపాలన్నా షరతులున్నాయి: మీ అమెక్స్ పాయింట్లని మీ ఆవిడ ఎయిర్‌లైన్ అకౌంటుకి పంపాలంటే, ఆమె పేరు మీద అడిషనల్ కార్డు తీసుకుని 90 రోజులు దాటాలి. సీటు కనబడిన రోజున అప్లై చేస్తే లాభం లేదు.

సీటు నిజంగా ఉందా?

ఏ ప్రయాణానికి ఎన్ని మైల్స్ అని ఎయిర్‌లైన్ ఇచ్చే చార్టులో ధర రాసి ఉండటం వేరు, సీటు దొరకడం వేరు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ చార్టు ప్రకారం అమెరికా నుంచి ఇండియాకి పార్ట్‌నర్ విమానాల్లో (అమెరికన్‌తో ఒప్పందం ఉన్న వేరే ఎయిర్‌లైన్స్ విమానాల్లో) ఒక వైపు బిజినెస్ క్లాస్ 70,000 మైల్స్, ఫస్ట్ క్లాస్ 1,15,000. ఆ లెక్క చూసి న్యూయార్క్ నుంచి ఎతిహాద్‌వాళ్ల పెద్ద విమానం ఎ380లో, అపార్ట్‌మెంట్ అని పిలిచే ఫస్ట్ క్లాస్ గదిలో అమ్మానాన్నలు వెళ్తున్నట్టు ఊహించుకుంటాం. కానీ ఆ విమానంలో ఫస్ట్ అపార్ట్‌మెంట్లు తొమ్మిదే. వాటిలో మైల్స్‌కి, అందులోనూ వేరే ఎయిర్‌లైన్ మైల్స్‌కి, సంక్రాంతి రద్దీలో ఎన్ని వదులుతారో మీరే ఆలోచించండి.

కొన్ని ఎయిర్‌లైన్స్ అయితే తలుపులే మూసేశాయి. దూరప్రయాణాల్లో సింగపూర్ ఫస్ట్ క్లాసూ సూట్సూ సాధారణంగా సొంత క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌కే ఇస్తారు. ఎమిరేట్స్ 2025 మేలో రూల్ మార్చి, మైల్స్‌తో ఫస్ట్ క్లాస్ టికెట్‌ని తన మైల్స్ ప్రోగ్రాం స్కైవార్డ్స్‌లో సిల్వర్, ఆపై హోదా ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. అంతకుముందే ఎమిరేట్స్‌కి పాయింట్లు పంపేసి, మంచి తేదీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్న మామూలు సభ్యుల ప్లాన్ ఒక్క రోజులో తలకిందులైంది. "ఎప్పటికైనా పనికొస్తాయి కదా" అని ముందే పంపి పెట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఫస్ట్ క్లాస్ అనగానే హైదరాబాద్ దాకా అదే ఉంటుందనుకోకండి. ఖతార్ ఎయిర్‌వేస్‌లో ఫస్ట్ క్లాస్ ఉన్నది ఎ380లోనే; అందరూ మెచ్చుకునే వాళ్ల క్యూసూట్ సీటు బిజినెస్ క్లాసే. గల్ఫ్ నుంచి మన ఊరికి వచ్చే చిన్న విమానాల్లో చాలాసార్లు ఫస్ట్ క్లాసే ఉండదు. ప్రయాణంలో ఒక ముక్క ఫస్ట్, ఒక ముక్క ఎకానమీ ఉన్న టికెట్‌కి కూడా అమెరికన్ లాంటి ప్రోగ్రాములు పెద్ద క్లాసు ధరే తీసుకుంటాయి. చిన్న ముక్క ఫస్ట్ క్లాస్, పొడుగు ముక్క ఎకానమీ అయిన టికెట్లు కూడా వస్తాయి, అందుకని ప్రతి ముక్క పక్కన ఏ క్లాసు రాసి ఉందో విడివిడిగా చదవండి. నలుగురున్న కుటుంబమంతటికీ ఒకే విమానంలో ఫస్ట్ కావాలని పట్టుబడితే సీజన్లో దొరకదనే అనుకోవాలి. పెద్దవాళ్లిద్దరికీ ఫస్టో బిజినెస్సో తీసి, మీరూ పిల్లలూ అదే విమానంలో ఎకానమీలో రావడమే జరిగే పని.

బుకింగ్‌కి సీట్లు తెరిచే రోజు గుర్తుంచుకోండి: బ్రిటిష్ ఎయిర్‌వేస్, సింగపూర్ 355 రోజుల ముందు, యునైటెడ్ 337, అమెరికన్ 331. వచ్చే జనవరి తిరుగు ప్రయాణానికి ఈ జనవరి, ఫిబ్రవరిలోనే వెతకాలన్నమాట. వెళ్లే టికెట్ కన్నా తిరుగు టికెట్ కష్టం, ముందు దాన్నే చూడండి. వీసా స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వెళ్లేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. పాస్‌పోర్టు ఎప్పుడు చేతికొస్తుందో తెలియనప్పుడు, మైల్స్ టికెట్ ఉచితంగా మార్చుకునే వీలున్నా మార్చుకోవడానికి సీటుండాలి కదా.

స్క్రీన్ మీద కనబడిన సీటు కూడా ఒక్కోసారి నిజంగా ఉండదు. పార్ట్‌నర్ సీటుని ఒక వెబ్‌సైట్ చూపిస్తుంది, చివరి పేజీలో ఎర్రర్ వస్తుంది. పాయింట్లు పంపే ముందు పేర్లు నింపుకుంటూ డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి చూడండి, లేదా ఫోన్ చేసి అదే తేదీ, అదే విమానం నంబరు చెప్పి అడగండి. ఆ సీటుని కాసేపు మీ పేరు మీద పట్టి ఉంచుతారేమో కూడా అడగండి. ట్రాన్స్‌ఫర్‌కి ఎంతసేపు పడుతుందో ఇక్కడే లెక్కలోకి వస్తుంది. కొన్ని నిమిషాల్లో చేరతాయి. క్రిస్‌ఫ్లయర్‌కి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఇండియా బ్యాంకుల నుంచైతే ఇంకా ఎక్కువే పట్టే సందర్భాలున్నాయి.

అలాగే టాక్సులూ సర్‌చార్జీలూ. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాల్లో మైల్స్ ఇచ్చాక కూడా చేతినుంచి వందల డాలర్లు కట్టాల్సి వస్తుంది. యునైటెడ్ మైల్స్‌తో, ఎయిర్ కెనడా ఏరోప్లాన్‌తో ఆ ఇంధన సర్‌చార్జీలు పడవు. మైల్స్ తక్కువ అడిగారని సంబరపడే ముందు చివరి పేజీలో డాలర్ల అంకె చూడండి.

దారిలో వీసా

పాయింట్లకి మంచి సీట్లు తరచూ ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా కనబడతాయి. మనది ఇండియన్ పాస్‌పోర్టు. చెల్లే అమెరికా వీసా స్టాంపు గానీ గ్రీన్ కార్డు గానీ ఉన్నవాళ్లకి దొరికే ట్రాన్సిట్ వీసా (దారిలో విమానం మారడానికి అడిగే వీసా) మినహాయింపు, స్టాంపు గడువు తీరి ఐ-797 ఆమోదపు కాగితం ఒక్కటే ఉన్న హెచ్-1బీ వాళ్లకి దొరక్కపోవచ్చు. ఈ రూల్స్ మారుతూ ఉంటాయి. బుక్ చేసే రోజున ఆ దేశపు అధికారిక సైట్‌లో చదవండి, వాట్సాప్‌లో తిరిగే పాత మెసేజ్‌ని నమ్మకండి. మైల్స్‌తో లండన్ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి హైదరాబాద్‌కి డబ్బుతో ఇంకో టికెట్ తీస్తే ఇబ్బంది రెట్టింపు. సామాను లండన్‌లో బయటికి తీసుకోవాల్సి వస్తే వీసా అవసరం పడవచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే దానికి ఎవరూ బాధ్యత తీసుకోరు. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవాళ్లని ఇలా రెండు టికెట్ల మీద ఒంటరిగా పంపవద్దు, ఎంత మంచి సీటైనా సరే.

సగం ధరకి బిజినెస్ క్లాస్ ఇప్పిస్తామనేవాళ్లు

వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరి మైల్స్‌తోనో మీకు టికెట్ తీసి మీ దగ్గర డబ్బు తీసుకుంటారు. మైల్స్ అమ్మడం ఎయిర్‌లైన్ నిబంధనలకి విరుద్ధం. ఆ మైల్స్ దొంగిలించిన అకౌంటువి కూడా కావచ్చు. బయటపడితే ఏ క్షణమైనా టికెట్ రద్దు చేస్తారు. అమ్మానాన్నలు అమెరికా వచ్చేశాక తిరుగు టికెట్ రద్దయితే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. మీ మైల్స్ కొంటామన్నవాళ్లకీ అమ్మకండి, మీ అకౌంటే మూసేస్తారు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్ పట్టుకుని దిగిన ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఆ బార్‌కోడ్‌లోనే మీ పేరూ పీఎన్ఆర్ ఉంటాయి, వాటితో ఎవరైనా మీ బుకింగ్ తెరవగలరు.

దాచుకున్నవి పాతబడతాయి

పాయింట్లకి వడ్డీ రాదు, విలువ మాత్రం తగ్గుతుంది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు, ఆ విమానాల కోసం మైల్స్ దాచుకున్నవాళ్లకి ఎక్కడానికి విమానమే లేకుండా పోయింది. 2023 సెప్టెంబరులో ఇండియాలో యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ క్రెడిట్ కార్డు, 5 పాయింట్లకి 4 మైల్స్ ఇచ్చేది కాస్తా 2 చేసింది. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉండి ఆ కార్డుతో ఫస్ట్ క్లాస్ కలలు కన్నవాళ్లకి విలువ సగానికి పడిపోయింది. క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌కి 36 నెలల గడువుంది. అమెరికన్ మైల్స్ 24 నెలలు ఏ కదలికా లేకపోతే పోతాయి. పాయింట్ల కోసం అనవసరమైన ఖర్చు చేసి, కార్డు బిల్లులో మినిమమ్ మాత్రమే కట్టేవాళ్లు ఈ ఆటలోకి రాకపోవడమే మంచిది. ఆ వడ్డీ ముందు ఏ ఫస్ట్ క్లాసూ నిలవదు.

టికెట్ వచ్చాక

పీఎన్ఆర్ వచ్చిందంటే టికెట్ వచ్చినట్టు కాదు. 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉందో లేదో చూడండి. మీరు ఒక ఎయిర్‌లైన్ మైల్స్‌తో ఇంకో ఎయిర్‌లైన్ విమానం బుక్ చేసి ఉంటే, విమానం నడిపే ఎయిర్‌లైన్ పీఎన్ఆర్ వేరుగా ఉంటుంది. అది అడిగి తీసుకుని వాళ్ల సైట్‌లో తెరిచి చూడండి. వీల్‌చెయిర్, భోజనం, సీటు నంబరు అక్కడే పెట్టుకోవాలి. టైమింగ్స్ మారినప్పుడు పాత టికెట్‌ని కొత్త టైమింగ్‌కి తిరిగి జారీ చేయకపోతే కౌంటర్ దగ్గర ఆపేస్తారు. అందుకని ప్రతి మార్పు మెసేజ్ తర్వాతా, ప్రయాణానికి వారం ముందూ మళ్లీ చూడండి. రద్దు చేసుకుంటే మైల్స్ ఎయిర్‌లైన్ అకౌంటుకే వస్తాయి, బ్యాంకుకి వెళ్లవు.

చివరి నిమిషంలో విమానం మార్చి ఫస్ట్ క్లాస్‌లో ఉన్నవాళ్లని కింద క్లాసులో కూర్చోబెట్టడమూ జరుగుతుంది. అక్కడ గొడవపడి విమానం వదులుకోకండి. కౌంటర్‌లో క్లాసు తగ్గించినట్టు రాతపూర్వకంగా అడగండి, పాత బోర్డింగ్ పాస్, కొత్తదీ రెండూ దాచండి. మైల్స్ తేడా ఎలాగూ అడగాలి. యూరప్ నుంచి బయల్దేరే విమానమైతే, ప్రయాణికుల హక్కుల మీద యూరోపియన్ యూనియన్ పెట్టిన ఈయూ 261 నిబంధన మైల్స్ టికెట్లకి కూడా వర్తిస్తుంది. ఇండియాకి వచ్చేంత దూరపు ప్రయాణానికి ఆ ముక్క టికెట్ ధరలో 75 శాతం వెనక్కి ఇవ్వాలి. బ్రిటన్‌లోనూ అలాంటి నిబంధనే ఉంది. ఊరు చేరిన వారంలోపే క్లెయిమ్ పంపేయండి, కాగితాలు సామానులో కలిసిపోకముందే.