తెల్లవారుజామున పరీక్షిస్తేనే తెలిసింది

మైపాడు దగ్గర మాది ఎకరంన్నర రొయ్యల గుంట. వనామీ రకం రొయ్య పిల్లలు వేసి 55 రోజులైంది. ఒకరోజు తెల్లారకముందే కాపలా అబ్బాయి ఫోన్ చేశాడు: "అన్నా, రొయ్యలు గట్టెమ్మట తేలి తిరగతా ఉండాయి." రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత తినకుండా అట్టాగే ఉంది.

నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందంటే నాకు నమ్మకం కలగలేదు. రోజూ పొద్దున పది గంటలకు చూస్తుంటే ఆక్సిజన్ లీటరుకు 6 మిల్లీగ్రాములకు తగ్గలేదు మరి! తప్పు అక్కడే జరిగింది. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. ఆ నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పీల్చేస్తుంది. మర్నాడు నాలుగింటికి టార్చి పట్టుకుని, కర్రకు కట్టిన సీసాను అడుగుదాకా దించి, దారంతో బిరడా లాగి నీళ్లు పట్టాను. ఆక్సిజన్ 2.5, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 7.7. మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ 8.9! తేడా 0.5 దాటకూడదంటారు. పీహెచ్ పెరిగేకొద్దీ నీళ్లలోని అమ్మోనియా విషం ఎక్కువవుతుంది.

పక్క గుంట ఆయన సున్నం కొట్టమన్నాడు. పీహెచ్ ఇప్పటికే 8.9 ఉంటే, దాన్ని ఇంకా పెంచే సున్నమేంది?

మేత సగానికి తగ్గించాను. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా ఆడించాను, డీజిల్ ఖర్చు చెప్పుకోకపోతేనే మేలు. గుంట అడుగున ఉన్న నీళ్లు రోజుకు కొంచెం తీసి, రిజర్వాయర్ గుంటలో తేరిన నీళ్లు పెట్టాను. ఒక్కసారే మారిస్తే నాచు మొత్తం చచ్చి ఇంకా ముంచుతుంది.

ఆరో రోజు తెల్లవారుజామున ఆక్సిజన్ 4.2. ట్రే ఖాళీ.