పిల్లల ఫొటోలో భావాన్ని ఎవరు ఎలా చదువుతున్నారో తెలుసుకునే పద్ధతి

కోనసీమలో ఇరవై ఏళ్ళుగా పిల్లల ఫొటోలు తీస్తున్నాను. బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, భోగిపళ్ళు అంటూ ఒకే బిడ్డను నాలుగైదు సందర్భాల్లో దగ్గరగా చూసే అవకాశం ఈ వృత్తిలో దొరుకుతుంది. బిడ్డ ముఖంలో ఉన్న భావం ఒక్కటేననీ, దానిని అందరూ ఒకేలా చదువుతారనీ చాలాకాలం నమ్మాను. 2022 జూలై వరదల్లో ఒక లంక గ్రామం నుంచి పడవలో వస్తున్న ఏడెనిమిదేళ్ళ అబ్బాయిని తీసిన ఫొటో ఆ నమ్మకాన్ని పోగొట్టింది. కనుబొమలు ముడిపడి, పెదవులు కొద్దిగా విచ్చుకుని ఉన్న ఆ ముఖం కింద "వరద భయం" అని రాసి ఒక ప్రదర్శనకు పంపాను. దానిని చూసిన అబ్బాయి తండ్రి నా దగ్గరికి వచ్చి, "మావాడు భయపడలేదండి, గట్టు మీద కట్టేసిన లేగదూడ కనిపిస్తుందేమోనని చూస్తున్నాడండి" అన్నారు. వెంట వచ్చిన నాయనమ్మ, "ఎండ కళ్ళల్లో పడింది బాబూ, అంతే" అన్నారు. వరద నీరు ఎగువ వానలది కనుక ఆ ఉదయం మా దగ్గర నిజంగానే ఎండ కాసింది.

అప్పటి నుంచి పిల్లల ఫొటో ఏదైనా నలుగురిలోకి పంపేముందు, చూసేవారు దానిని ఎలా చదువుతారో పరీక్షిస్తున్నాను. స్టూడియో నడిపేవారికే కాక, బడి పత్రికకు ఫొటోలు ఎంచే ఉపాధ్యాయులకు కూడా ఈ పద్ధతి ఉపయోగపడుతుంది.

ఈ పద్ధతి నేను కనిపెట్టినది కాదు. ఫ్రెంచి వైద్యుడు డుషెన్, ముఖ కండరాలకు విద్యుత్తు తాకించి కలిగించిన కవళికల ఫొటోలను 1862లో ప్రచురించారు. చార్లెస్ డార్విన్ వాటిలో కొన్నింటిని ఇరవైమందికి పైగా వ్యక్తులకు ఒక్క మాట వివరణ లేకుండా చూపించి, ఏ భావం కనిపిస్తోందని అడిగి, వారి మాటల్లోనే రాసుకున్నారు. కొన్నింటిని దాదాపు అందరూ ఒకేలా గుర్తించారు. మరికొన్నింటి విషయంలో ఒకరి మాటకు మరొకరి మాటకు పొంతన కుదరలేదు. వివరణ చదువుతూ చూసినప్పుడు కొన్ని తప్ప అన్నీ సహజంగా తోచాయనీ, వివరణ లేకుండా చూసి ఉంటే తానూ ఇతరుల్లాగే తికమకపడేవాడిననీ 1872లో వెలువడిన తన గ్రంథంలో ఆయన దాచకుండా చెప్పారు.

ముందుగా ఫొటోలను ఒకే కొలతలో, పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించండి. సెల్‌ఫోనులో చూపించవద్దు; చూసేవారు వేలితో పెద్దది చేసి కళ్ళను మాత్రమే చూస్తారు, లేదా పక్క ఫొటోకు జరిపి ముందూ వెనకా తెలుసుకుంటారు. ప్రింటు వెనక అంకె తప్ప ఏమీ రాయకూడదు. చూసేవారిలో బిడ్డ తల్లి, ఇంటి పెద్దావిడ, బిడ్డను ఎరగని అదే ఊరివారు, బయటి ఊరివారు, వీలైతే ఆ వయసు పిల్లలు ఒకరిద్దరు ఉండాలి. ఒక్కొక్కరికి విడిగా చూపించడం తప్పనిసరి. అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టి చూపిస్తే, మొదట నోరు తెరిచిన పెద్దాయన మాటనే మిగిలిన ముగ్గురూ అంటారు.

అడగవలసిన ప్రశ్నలు రెండే: "ఈ బిడ్డ మనసులో ఏముంది?", "ఎక్కడ చూసి అలా అనుకున్నారు?" కోపం, భయం, సంతోషం అంటూ జాబితా ఇచ్చి ఎంచుకోమనకండి. జాబితా ఇస్తే సమాధానాలు దగ్గరపడతాయి, కానీ ఆ దగ్గరతనం చాలావరకు జాబితా తెచ్చిపెట్టినదే. ఇక చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోవాలి, దానికి సమానమైన మరో మాటను వేయకూడదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన భాగం ఇదే.

ఎందుకంటే పిల్లల ముఖాల గురించి మన ఇళ్ళలో ఉన్న మాటలు చాలా సూక్ష్మమైనవి. బుంగమూతి పెట్టిన నాలుగేళ్ళ పాప ఫొటోను చూసి బయటి ఊరి యువకుడు "కోపం" అన్నాడు. పాప అమ్మమ్మ "అలక" అన్నారు. ఈ రెండూ ఒకటి కావు. కోపం ఎవరి మీదైనా రావచ్చు, కానీ తీర్చేవారు దగ్గర ఉన్నారన్న నమ్మకం ఉంటేనే బిడ్డ అలుగుతుంది. అలక అన్నప్పుడు అమ్మమ్మ పాప ముఖాన్ని మాత్రమే చదవలేదు, ఫొటోలో లేని తల్లిని కూడా చదివారు. అలాగే కొత్తవారికి "భయం"గా కనిపించిన ఎనిమిది నెలల బాబును చూసి తల్లి "వాడికి కొత్తండి" అంటుంది. బిక్కమొహం, బెంగ, ఉక్రోషం, బెరుకు, పేచీ, కళ్ళనీళ్ళు కుక్కుకోవడం, వీటిలో ప్రతి మాట వెనకా ఒక సంబంధమో, అంతకుముందు జరిగిన ఒక సంగతో ఉంటుంది. అన్నింటినీ "విచారం" అని ఒక గాటన కట్టి రాసుకుంటే మీ పరీక్షలో మిగిలేది ఏమీ ఉండదు.

తరువాత అట్టముక్కతో ముఖాన్ని భాగాలుగా కప్పి చూపించండి: మొదట కళ్ళు మాత్రమే, తరువాత నోరు మాత్రమే, ఆపైన ముఖమంతా, చివరగా చేతులూ నేపథ్యమూ కలిపి. భోగిపళ్ళ ఫొటో దీనికి మంచి పాఠం. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలు, బంతిపూల రేకలు నెత్తిమీద పడే క్షణంలో బిడ్డ కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరుస్తుంది. ముఖం వరకు కోసి చూపిస్తే ఎక్కువమంది "ఏడుస్తోంది" అంటారు. ఒళ్ళో పడ్డ రేగిపండును బిగించి పట్టుకున్న గుప్పిట కనిపించేలా చూపిస్తే "నవ్వుతోంది" అంటారు. గెలిచిన, ఓడిన టెన్నిస్ ఆటగాళ్ళ ఫొటోలతో మనస్తత్వ శాస్త్రవేత్త హిల్లెల్ అవియేజర్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన కూడా, ఉద్వేగం పతాక స్థాయిలో ఉన్నప్పుడు ముఖం కంటే శరీరమే ఎక్కువ చెబుతుందని చూపింది. పిల్లల ఫొటోను మెడ దగ్గర కోసేముందు చేతులు ఎక్కడున్నాయో చూసుకోండి.

వెలుతురు కూడా భావాన్ని తయారు చేస్తుంది. కొబ్బరితోటలో ఆకుల సందుల నుంచి పడే ఎండ మచ్చలు నుదుటి మీద ముడతల్లా, చెంప మీద తడిలా కనిపిస్తాయి. ఎదురెండలో కనుబొమలు ముడిపడితే అది కోపంగా చదవబడుతుంది. ఏడుపు మానేసి అరగంటైనా, చెదిరిన కాటుక ఆ ఏడుపును ఫొటోలో నిలిపి ఉంచుతుంది. వీధి అరుగు నీడలో, బిడ్డ ముఖం తుడిచాక ఇంకో ఫొటో తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించండి.

ఫొటో కింద రాసే మాటను ఆఖరున పరీక్షించాలి. ఒకే ఫొటోను ఇద్దరికి రెండు వేర్వేరు వ్యాఖ్యలతో చూపిస్తే, ఇద్దరూ తమ వ్యాఖ్యకు ఆధారాన్ని అదే ముఖంలో వెతికి చూపిస్తారు. 2006లో అమెరికా ఫొటోగ్రాఫర్ జిల్ గ్రీన్‌బర్గ్, చేతికిచ్చిన లాలీపాప్‌ను వెనక్కి తీసుకోవడంతో ఏడ్చిన పసిపిల్లల ఫొటోలను రాజకీయ అర్థం వచ్చే పేర్లతో ప్రదర్శించి తీవ్ర విమర్శలకు గురయ్యారు. ఫొటో కోసం బిడ్డను ఏడిపించడం నా దృష్టిలో తప్పు, ఎంత గొప్ప ఉద్దేశమైనా సరే.

ఎంపికలోనూ ఇదే ప్రమాదం ఉంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1962లో బొమ్మ గ్రెనేడు పట్టుకున్న అబ్బాయిని అమెరికా ఫొటోగ్రాఫర్ డయాన్ ఆర్బస్ తీసిన ఫొటోలో ముఖం భయపెట్టేలా బిగుసుకుని ఉంటుంది; అదే రీలులోని మిగతా ఫ్రేముల్లో అతడు మామూలుగా ఆడుకుంటున్న పిల్లవాడు. అందుకే ఎంచుకున్న ఫొటోతో పాటు దాని ముందరిదీ తరువాతిదీ తల్లిదండ్రులకు చూపించి, "మీ బిడ్డ ఇలాగే ఉంటాడా?" అని అడగండి. సమాధానాలు బాగా చీలిపోయిన ఫొటోను పారేయనక్కర్లేదు, అలాంటివే మళ్ళీ మళ్ళీ చూడాలనిపిస్తాయి. కాకపోతే దాని కింద భావం పేరు రాయకుండా, ఏం జరుగుతోందో మాత్రమే రాయండి.

లంక అబ్బాయి ఫొటో కింద మాటను మార్చి ప్రదర్శనవారికి మళ్ళీ పంపాను: "వరద నీటిలో పడవ మీద, గట్టు వైపు చూస్తున్న అబ్బాయి. ఉదయం, ఎదురెండ." దూడ సంగతి కూడా రాయమని తండ్రి అడిగారు. అబ్బాయిని అడిగి, అతను సరేనన్నాక ఆ మాట కూడా చేర్చాను.