ప్రయారిటీ క్యూ ఎలా రాయాలి? చెడగొట్టేది ఒక్క మెట్టు దగ్గరే

తిరుమల వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లో ముందొచ్చినవాళ్లు ముందు కదులుతారు. అది మామూలు క్యూ. మూడొందల టికెట్టు లైనును ప్రయారిటీ క్యూ అనేవాళ్లున్నారు. కాదు, అది పక్కన నడిచే ఇంకో మామూలు క్యూ. ప్రయారిటీ క్యూ అంటే వచ్చిన వరసను కాక, తొందరను బట్టి ముందుకు పంపేది. తిరుపతిలోనే సరైన పోలిక కావాలంటే రుయా ఆసుపత్రి క్యాజువాలిటీ. పాము కరిచిన మనిషి ఇప్పుడే వచ్చినా, అప్పటికే కూర్చున్న జ్వరం రోగికంటే ముందు లోపలికి వెళ్తాడు.

కావలసింది ఒక అరే (అంశాలను వరస స్థానాల్లో ఉంచే జాబితా), అంతే. మనిషి వచ్చినప్పుడల్లా లిస్టంతా సార్ట్ చేయకండి, హాలు మొత్తాన్ని లేపి మళ్లీ కూర్చోబెట్టినట్టుంటుంది. 1964లో విలియమ్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చూపిన హీప్ వాడండి. అంటే అరేనే చెట్టులా చూడడం: ఒక్కో తల్లి అంశం కింద రెండేసి బిడ్డలు, ఏ తల్లీ తన బిడ్డకంటే పెద్దది కాకూడదు. పది లక్షల అంశాలున్నా అది 20 అంచెలే. చిన్న అంకెకే పెద్ద తొందర. తిరగేసి రాయొద్దు, పైథాన్ భాషలోని హీప్‌క్యూ మాడ్యూల్ నడిచేదీ ఇలాగే.

స్థానాలు సున్నా నుంచి లెక్క. స్థానాన్ని రెట్టింపు చేసి 1 కలిపితే ఎడమ బిడ్డ, 2 కలిపితే కుడి బిడ్డ. చేర్చడం తేలిక: చివర పెట్టి, తల్లికంటే చిన్నదైనంతవరకు తల్లితో మారుస్తూ పైకి తీసుకెళ్లండి.

తీసేటప్పుడే అసలు తంటా. అరే 2, 5, 3, 9, 6, 8 అనుకోండి. 2ని తీశాక మిగతావాటిని ముందుకు జరపకూడదు, అలా జరిపితే తల్లీబిడ్డల వరసే చెడిపోతుంది. చివరి 8ని పైకి తెస్తే 8, 5, 3, 9, 6 అవుతుంది. ఇక ఆ 8ని కిందికి దించాలి.

ఇక్కడ ఆగి చూడండి. 8కి బిడ్డలు 5, 3. మార్చాల్సింది ఇద్దరిలో చిన్నదానితో, అంటే 3తో. ఎడమవైపు 5 కూడా 8కంటే చిన్నదే కదా అని దాంతో మార్చారో, 5 కింద 3 ఇరుక్కుపోతుంది. ప్రోగ్రాం ఆగదు, ఎర్రర్ రాదు. తర్వాతి పిలుపుకి 3 బదులు 5 వస్తుంది, అంతే. అందుకే ముందు బిడ్డలిద్దర్నీ పోల్చి, గెలిచినదాన్ని తల్లితో పోల్చాలి. కుడి బిడ్డ అసలు ఉందో లేదో పోల్చకముందే చూసుకోవాలి. ఒక్క అంశమే మిగిలినప్పుడు పైకి తెచ్చేదేమీ ఉండదు, ఆ సందర్భాన్ని విడిగా రాయండి.

సరిగ్గా దించితే 3, 5, 8, 9, 6 వస్తుంది. వరసగా లేదని కంగారుపడకండి. ఏ తల్లీ తన బిడ్డకంటే పెద్దది కాదు, కాబట్టి అన్నిటికంటే చిన్నది మొదటి స్థానంలో ఉంటుంది: హీప్ మాటిచ్చేది అంతవరకే.

ఇద్దరికీ ఒకే ప్రాధాన్యం ఉంటే ముందొచ్చినవాడే ముందు వస్తాడన్న హామీ హీప్ ఇవ్వదు. ప్రాధాన్యం పక్కన పెరుగుతూ పోయే టోకెన్ నంబరు ఒకటి పెట్టండి. పైథాన్లో అది లేకుండా ప్రాధాన్యం అంకెను, రోగి వివరాల డిక్షనరీని జతగా పెడితే, అంకెలు సమానమైనప్పుడు ఆ డిక్షనరీలను పోల్చబోయి ప్రోగ్రాం టైప్ ఎర్రర్‌తో ఆగిపోతుంది.